మిరపకాయకి ఏం పెట్టాలి

పోర్తో వియ్యామిల్, ఇసబెలా ద్వీపం
8 మే 1988

అత్తా,

చేరాను. ఓడలో మూడు రోజులూ కక్కుతూనే ఉన్నాను, కాబట్టి నువ్వు కట్టిచ్చిన అరటికాయ ఉండలన్నీ చేపల పాలయ్యాయి. తిట్టకు. ఇప్పుడు బాగున్నాను. బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు, ఒకటే గది. చెప్పులు వేసుకొచ్చేది నేనొక్కదాన్నే.

మిరపకాయ ఎలా ఉన్నాడు? ఆ బుల్లి చిలకని వదిలి ఒక్కరోజైనా ఉన్నానా ఆరేళ్ళలో? పార్కువాళ్ళు బయటి పక్షిని ఈ ద్వీపంలో అడుగు పెట్టనివ్వరు గానీ, లేకపోతే జాకెట్లో దాచుకునైనా తెచ్చుకునేదాన్ని. వాడి అరుపు లేకుండా నాకు తెల్లారినట్టే ఉండటం లేదు.

అసలు సంగతి విను. ఇక్కడ తాబేళ్ళ మీద పని చెయ్యడానికి రాజధాని కీటో నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, రెబెకా అని. మిరపకాయ సంగతి చెప్పాను. ఏం పెడతావంది. పొద్దుతిరుగుడు గింజలన్నాను. ఇంకా? అవే అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూసిన చూపుకి నా గుండె ఆగిపోయిందత్తా. ఒట్టి గింజలు తింటే ఆ పిట్టల కాలేయం కొవ్వెక్కిపోతుందట. పైకి ముద్దుగా బొద్దుగానే కనిపిస్తూ ఒకరోజు పొద్దున పంజరం అడుగున పడి ఉంటాయట. వాడు ఈమధ్య బొద్దుగా అయ్యాడని మనం మురిసిపోయాం కదా!

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను, ఒక్క ముక్క మార్చకుండా దించుతున్నాను: "గింజలు బాగా తగ్గించాలి. రోజూ పచ్చ పెట్టాలి. పచ్చ లేని పూట ఉండకూడదు."

నా మీద ఒట్టు, ఈ ఉత్తరం అందిన రోజునుంచే మొదలుపెట్టు.

నీ నార్సీసా


పోర్తోవియేహో
29 మే

నా బంగారు మేనకోడలా,

నీ ఉత్తరం ఈ చేత్తో అందుకుని ఆ చేత్తో పొయ్యి వెలిగించాను. ఇన్నాళ్ళకి బుద్ధున్న డాక్టరు ఒకతి దొరికిందే! నేను మొదట్నుంచీ చెప్పడంలేదూ, మనిషికైనా పిట్టకైనా పచ్చని మించిన బలం లేదని? మా అమ్మ నన్ను పచ్చతోనే పెంచింది, నేను నా తమ్ముణ్ణి, మీ నాన్నని, పచ్చతోనే పెంచాను. బజారులో ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి నోటికి పచ్చ అందిస్తున్నది నేను కాక ఎవరు?

కాబట్టి దిగులు పడకు. పొద్దున్నే దుకాణానికి ఉండలు చేసేటప్పుడే వాడి వాటా తీస్తున్నాను. అరటికాయ ఉడకబెట్టి, మెత్తగా దంచి, జున్ను కలిపి, వేరుశనగ పొడి చల్లి, రుచికి ఇంత ఉప్పు, ఇంత పందికొవ్వు. శనగగింజంత ఉండలు చుట్టి పెడుతుంటే వాడు ముక్కుతో నా వేలే కొరికేస్తున్నాడు, అంత ఆత్రం! మధ్యాహ్నం వేయించిన అరటికాయ చెక్కలు. సాయంత్రం మళ్ళీ ఉండలు. పచ్చ లేని పూట లేదు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసుకోవచ్చు.

కొంచెం ఒళ్ళు చేశాడు. పరదా కమ్మీ దాకా ఎగరడం మానేశాడు, కుర్చీ వీపు దాకానే. తిన్నాక కాసేపు రొప్పుతున్నాడు. ఆ పచ్చ అరిగేదాకా అంతేలే అనుకుంటున్నాను. అంతే కదా? డాక్టరమ్మని ఒక్కసారి అడిగి రాయి.

నువ్వేం తింటున్నావో ఒక్క ముక్కా రాయలేదు, దొంగా.

నీ అత్త ఔరిస్తేలా


పోర్తో వియ్యామిల్
16 జూన్

అత్తా అత్తా,

ఓడ కూత వేస్తోంది, నిలబడి రాస్తున్నాను. ఆపెయ్! ఈ క్షణమే ఆపెయ్! ఉప్పు, కొవ్వు, జున్ను ఒక్క మెతుకు కూడా పెట్టకు!

పచ్చ అంటే అరటికాయ కాదు. ఆవిడ కీటో మనిషి. అక్కడివాళ్ళకి పచ్చ అంటే పచ్చగా ఉండే ఆకూ అలమూ. పచ్చ అంటే అరటికాయ అనుకునేది లోకంలో మన మనాబీ ప్రావిన్సువాళ్ళమే! నేనూ అక్కడే పుట్టినదాన్నే, దించేటప్పుడు ఆ మాట నాకెందుకు తట్టలేదో. ఆవిడ ముందు కూర్చుని ఆవిడ చెవులతో విన్నట్టున్నాను.

పచ్చగా ఉన్నవన్నీ పెట్టు. పెరట్లో ఏది పచ్చగా కనిపిస్తే అది, నువ్వు తినేది ఏదైనా సరే, పచ్చిగా, ఉప్పు లేకుండా. వాడు రొప్పుతున్నాడని రాశావు, ఆలస్యం చెయ్యకు.

నా


పోర్తో వియ్యామిల్
18 జూన్

అత్తా,

మొన్న పేరు కూడా పూర్తిచెయ్యలేదు, ఓడ మనిషి కాగితం లాక్కున్నాడు. ఆ ఉత్తరాన్ని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలని ఉంది. తెచ్చుకోలేను.

ఓడ వెళ్ళాక డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఏం రాశావంది. "పచ్చగా ఉన్నవన్నీ పెట్టమన్నాను" అన్నాను.

"అవకాడో తప్ప అని రాశావు కదా?" అంది.

రాయలేదన్నాను. అవకాడో ఆ పిట్టలకి విషమట. ఊపిరాడదట, ఈకలు ఉబ్బించుకుని కూర్చుండిపోతాయట, ఒక్కోసారి రెండు రోజుల్లోనే... అత్తా, మన పెరట్లో ఆకు కన్నా కాయే ఎక్కువ కదా ఆ చెట్టుకి! దుకాణంలో ప్రతి ఉండ పక్కనా నువ్వు పెట్టేది అవకాడో ముక్కే కదా! "నువ్వు తినేది ఏదైనా" అని నేనే నా చేత్తో రాశాను.

తరవాతి ఓడ జులై రెండున. ఈ ఉత్తరం అప్పటిదాకా ఇక్కడే నా దిండు కింద ఉంటుంది. అందుకని రేవులో రేడియో అతని కాళ్ళావేళ్ళా పడ్డాను. మన ఊరి స్టేషనుకి కబురు పంపుతానన్నాడు. రేపు మధ్యాహ్నం కబుర్ల వేళ చదువుతారు. నేను చెప్పింది ఇది: "ఔరిస్తేలా ఇంట్రియాగో, మిరపకాయకి అవకాడో పెట్టొద్దు. అత్యవసరం." నువ్వు ఆ వేళకి రేడియో పెడతావు, నాకు తెలుసు. వింటావు కదా? వినత్తా, నీ కాళ్ళకి మొక్కుతాను.

ఆకుకూరలు, లేత మొక్కజొన్న, క్యారెట్టు, బొప్పాయి, ఉడికించిన గుడ్డు ఇంత. ఇవన్నీ పెట్టొచ్చు. ఆపిల్ గింజలు తీసెయ్యాలి. కాఫీ, చాక్లెట్టు వద్దు.

పిల్లలకి ఇవాళ లెక్కలు తప్పు చెప్పాను.

నార్సీసా


పోర్తోవియేహో
26 జూన్

టీచరు నార్సీసాగారికి,

గారు అనే అంటాను. రేడియోలో మాట్లాడేంత పెద్దవాళ్ళయ్యారు కదా.

పోయిన ఆదివారం బజారు కిటకిటలాడుతోంది. నా దుకాణం ముందు పదిమంది. పక్క మాంసం కొట్టు అతను రేడియో గట్టిగా పెట్టాడు. "ఔరిస్తేలా ఇంట్రియాగోకి! మిరపకాయ, అవకాడో పెట్టొద్దు! అత్యవసరం! ద్వీపం నుంచి టీచరు నార్సీసా!" అని ఆ రేడియో పోటుగాడు గొంతు చించుకుని రెండుసార్లు చదివాడు. పదిమందీ తమ పళ్ళాలకేసి చూసుకున్నారు. పళ్ళెంలో ఏముంది? ఉండ, పక్కన అవకాడో ముక్క, దాని మీద నా మిరపకాయ పచ్చడి!

"ఏంటమ్మా దోన్యా ఔరిస్తేలా, ఎవరికైనా వాంతులయ్యాయా?" అన్నాడు ఒకడు. "ఆ పిల్ల చదువుకుంది, తెలియకుండా చెప్పదు" అంది ఇంకొకతి. పళ్ళాలు వదిలేసి పోయారే! ఆరోజునుంచి నా బల్ల దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు.

నా తిండి మనుషుల్ని చంపుతుందనేగా నీ మనసులో మాట? నాలుగేళ్ళుగా దాచుకున్నావు. మీ నాన్న పోయిన రోజున నోరు విప్పలేదు, సంవత్సరీకానికీ విప్పలేదు. ఆఖరికి ప్రావిన్సంతా వినేలా చెప్పావు. నాకు ముఖం మీదే చెప్పి ఉంటే సరిపోయేది.

సరే. నీ చిలకకి, దానికి నా మీద కోపం లేదు కాబట్టి, నీ ఆజ్ఞ ప్రకారమే జరుపుతున్నాను. "పచ్చగా ఉన్నవన్నీ" అన్న ఉత్తరం నిన్న అందింది. అరటికాయ మానేశాను. ఇవాళ పొద్దున లెట్యూస్ పెట్టాను, విసిరికొట్టాడు. పచ్చ క్యాప్సికం పెట్టాను, దాని మీద రెట్ట వేశాడు. మన చెట్టు అవకాడో మెత్తటి ముక్క పెడితే నాలుగుసార్లు పొడుచుకు తిన్నాడు. హమ్మయ్య, ఒక్కటైనా తిన్నాడు అనుకున్నాను.

ఔరిస్తేలా

ఉత్తరం అంటించబోతూ మళ్ళీ విప్పాను. సాయంత్రమైంది. వాడు కర్ర మీద లేడు. పంజరం అడుగున ఒక మూల ఉబ్బిపోయి కూర్చున్నాడు. పిలిస్తే కన్ను తెరిచి మూస్తున్నాడు. తోక ఊపిరికీ ఊపిరికీ ఎగిరెగిరి పడుతోంది. కోపంగా రాసిందంతా తీసేసి మళ్ళీ రాద్దామంటే ఇంకో కాగితం లేదు. నాకు భయంగా ఉందే.


పోర్తోవియేహో
30 జూన్

నార్సీసా,

బతికే ఉన్నాడు. ముందు ఆ మాట రాశాను, ఇప్పుడు మిగతాది చదువు.

ఆవుల డాక్టరు దగ్గరికి టోపీలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన నవ్వాడు. "కోడిగుడ్డులో సగం బరువు లేదు, దీనికి నా సూది గుచ్చితే ఆ పక్కనుంచి బయటికొస్తుంది" అన్నాడు. చెప్పుల పెట్టెలో గుడ్డ పరిచి, పక్కన వేడినీళ్ళ సీసా పెట్టి వెచ్చగా ఉంచమన్నాడు. నాలుగు రోజులు దుకాణం తియ్యలేదు. తీసినా ఎవరొస్తారు. సీసా చల్లారినప్పుడల్లా మారుస్తూ ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముక్కు చివర నీటిచుక్క పెడితే మొదటి రెండు రోజులూ నాలిక కూడా కదపలేదు. నిన్న కదిపాడు.

ఏమైందో నాకు తెలియదు. పెట్టింది మాత్రం నేను. ఏం పెట్టినా నా చేతిదే. మీ నాన్నకి ఉప్పు వద్దని డాక్టరు చెబితే, "వాడి మొహం, ఉప్పులేని ఉండ గోడకి కొట్టడానికి పనికొస్తుంది" అని నవ్వుతూ ఉప్పేసి పెట్టినదాన్ని నేను. ఆ నవ్వు నా చెవిలో ఇప్పటికీ ఉంది. నీ రేడియో మాట తప్పు కాదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అత్త


పోర్తోవియేహో
11 జులై

నార్సీసా,

జూన్ పద్దెనిమిది నాటి నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మాంసం కొట్టు అతనిచేత చదివించాను, నా కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని.

మిరపకాయకి! కి! ఆ ఒక్క అక్షరం ఆ రేడియోవాడి నోట్లో పళ్ళమధ్య ఇరుక్కుంది! నీ చిలక పేరది అన్న సంగతి ఆ వేళ నాకు తట్టనే లేదు చూడు. తలకెక్కిన కోపం అలాంటిది. మాంసం కొట్టు అతను బజారంతా చాటాడు, జనం మళ్ళీ వస్తున్నారు, నవ్విపోతున్నారు. నువ్వు చెప్పావు, నేను విన్నాను, విని కూడా వారం తరవాత ఆ ముక్క కోసి నా చేత్తో వాడి నోటికిచ్చాను.

వాడు కోలుకున్నాడు. కర్ర మీదికెక్కాడు, అరుస్తున్నాడు, కరుస్తున్నాడు. ఆ సంగతికి భయం లేదు. భయమంతా నాకు నేనంటే.

గింజలు తప్ప ఏమీ పెట్టడం లేదు. వద్దని తెలుసు, కాలేయం సంగతి తెలుసు, ఆ గింజలే వాణ్ణి మెల్లగా తీసుకుపోతాయనీ తెలుసు. నీ జాబితా గోడకి అంటించాను. క్యారెట్టు కడుగుతాను, తరుగుతాను, గిన్నె దాకా తీసుకెళతాను, అక్కడ చెయ్యి ఆగిపోతుంది. ఇది కూడా విషమేమో, నార్సీసాకి ఇంకా తెలియదేమో, వచ్చే ఓడలో "క్యారెట్టు తప్ప" అని ఉత్తరం వస్తుందేమో అనిపిస్తుంది. తీసి చెత్తబుట్టలో పడేస్తాను. మళ్ళీ గింజలు పోస్తాను. ఊరందరికీ వండిపెట్టే మనిషిని, గుప్పెడు లేని పిట్టకి ఒక ముక్క పెట్టలేకపోతున్నాను.

కాన్వెంటులో సిస్టర్లు పక్షుల్ని చూస్తారట. వాళ్ళకిచ్చెయ్యనా? నువ్వు సరేనంటే రేపే ఇచ్చేస్తాను. నా దగ్గర ఉంటే చస్తాడు.

అత్త


పోర్తో వియ్యామిల్
28 జులై

మా అత్తకి,

నీ మూడు ఉత్తరాలూ ఒకే ఓడలో, ఒకే కట్టలో వచ్చాయి. తారీకులు చూడకుండా పైది ముందు విప్పాను, అది జూన్ ఇరవై ఆరుది. చివర నువ్వు రాసిన ముక్క రేవు మెట్ల మీదే చదివాను. మిగతా రెండూ విప్పడానికి ధైర్యం చాల్లేదు. మా బడి పిల్ల ఒకతి విప్పి, "బతికే ఉన్నాడు అని ఉంది టీచర్" అని గట్టిగా చదివింది. రేవులో అందరిముందూ భోరున ఏడ్చాను. కాబట్టి పరువు పోయింది నీదొక్కదానిదే కాదు.

ఇప్పుడు నాన్న సంగతి. నేను నాలుగేళ్ళు నోరు విప్పలేదన్నావు. నిజమే. నీ మీద కోపంతో కాదత్తా. నాన్న ఉండ నోట్లో పెట్టుకునే ముందు ఉప్పుడబ్బా ఇలా తెమ్మనేవాడు, నీకు తెలుసా? నువ్వు దుకాణానికి వెళ్ళాక. నువ్వేసిన ఉప్పు మీద ఇంకో చిటికెడు. తెచ్చి ఇచ్చేది నేను. డాక్టరు మాట నేనూ విన్నాను. అడిగితే ఇచ్చాను, ఎందుకంటే ఆయన మొహం చిన్నబోతే చూడలేను. నువ్వు నన్ను తప్పు పడతావని భయపడి నీ ముందు ఆయన ఊసెత్తలేదు. నువ్వేమో నేను నిన్ను తప్పు పడుతున్నాననుకున్నావు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని నాలుగేళ్ళు భయపడ్డాం.

సిస్టర్లకి ఇవ్వొద్దు. నీ దగ్గరే ఉండాలి. నేను తెలిసి చెప్పిందే తప్పయింది, ఇంకెవరో తప్పు చెయ్యరని ఏముంది?

డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఈ పిట్టలు ఒంటరిగా కొత్త తిండి ముట్టవు. గుంపులో ఒకటి తింటే అది చూసి ఇంకోటి తింటుంది. వాడి గుంపు ఇప్పుడు నువ్వే. గిన్నెలో పెట్టకు. నీ పళ్ళెంలో పెట్టుకుని, వాడి ఎదురుగా నువ్వు తిను. ఏ ఆకు పెట్టాలో అదే, పచ్చిగా, ఉప్పు లేకుండా. బలవంతం చెయ్యకు, వాడికేసి చూడకు కూడా. అంతే.

నీకు భయమేస్తుందని తెలుసు. నాకూ వేస్తోంది. ఇక్కడ కూర్చుని వేసే భయం పనికిరానిది. నీ భయమైనా నయం, చెయ్యి కడిగిస్తుంది, ఆకు ఏరిస్తుంది.

నార్సీసా


పోర్తోవియేహో
20 ఆగస్టు

తల్లీ,

ఉప్పుడబ్బా సంగతి చదివాను. నువ్వు అప్పటికి పందొమ్మిదేళ్ళ పిల్లవి. ఆ బరువు నీది కాదు, దించెయ్. నాదీ దించుకోమంటావు, తెలుసు. ప్రయత్నిస్తున్నాను.

ఆకులు తినమన్నావు. నేను! జన్మలో ఒక పచ్చి ఆకు నమిలిన పాపాన పోలేదు. అయినా పెరటి గోడవార గంగపాయల కూర ఏరి, మూడు నీళ్ళు కడిగి, పళ్ళెంలో పెట్టుకుని వాడి పంజరం తలుపు తీసి ఎదురుగా కూర్చున్నాను. పుల్లగా, జిగటగా, ఛీ! "అబ్బ ఎంత బాగుందో" అంటూ నమిలాను. మాంసం కొట్టు అతను కిటికీలోంచి చూసి, "ఏంటి దోన్యా, మేకల్లో కలిశారా?" అన్నాడు. నోటినిండా ఆకు ఉండి తిట్టలేకపోయాను.

వాడు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం రోజులు నేనొక్కదాన్నే మేశాను. కడుపు మాత్రం తేలికపడింది, అది వేరే సంగతి.

నిన్న ఎనిమిదో రోజు. నేను వాడికేసి చూడటం లేదు, గోడ మీద నీ జాబితాకేసి చూస్తున్నాను. బల్ల మీద గోళ్ళ చప్పుడు. తల తిప్పలేదు. నా మోచేతి మీంచి పళ్ళెం అంచు మీదికి దిగాడు. నేను నోట్లో పెట్టుకోబోతున్న కాడనే పట్టుకుని లాగాడు, వేరేది కాదు, నాదే కావాలి వాడికి. వదిలేశాను. కాలితో అదిమి పట్టి, ముక్కుతో చీల్చి ఒక ఆకు మింగాడు.

పళ్ళెం లాగేద్దామని కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని ఒళ్ళో అదిమి కూర్చున్నాను. వాడు రెండో ఆకు తిన్నాడు, మూడోది తిన్నాడు. వాడు తినడం అయ్యేదాకా చెయ్యి వదల్లేదు.

ఔరిస్తేలా